మంద ఎవరిది? చేను ఎవరిది?

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ అంబియా సూరా 78, 79 ఆయతులలో ఒక వ్యాజ్యం ప్రస్తావనకు వస్తుంది. ఒక రాత్రివేళ కొందరి గొర్రెలు మరొకరి చేనులో పడి పైరునంతా మేసివేశాయి. తెల్లవారేసరికి ఆ రైతు కష్టమంతా మట్టిపాలైంది. తగవు హజ్రత్ దావూద్ (అ) సన్నిధికి చేరింది. ఆయన దైవప్రవక్త, ఆ దేశానికి పాలకుడు కూడా. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించిన ప్రకారం, పాడైన పైరు విలువ, గొర్రెల విలువ ఇంచుమించు సమానంగా ఉన్నందున మందను రైతుకు ఇచ్చివేయాలని ఆయన తీర్పు చెప్పారు. అప్పటికి చిన్న వయసులోనే ఉన్న ఆయన కుమారుడు హజ్రత్ సులైమాన్ (అ) మరొక మార్గాన్ని సూచించారు. మంద యజమాని ఆ చేనును తన చేతిలోకి తీసుకుని, దున్ని, విత్తి, గొర్రెలు పడకముందు ఎలా ఉండేదో తిరిగి ఆ స్థితికి తీసుకురావాలి. అంతవరకు మంద రైతు దగ్గరే ఉండాలి. దాని పాలు, ఉన్ని, పుట్టే పిల్లలు రైతుకే చెందాలి. చేను మునుపటిలా పచ్చబడిన నాడు ఎవరిది వారికి చేరాలి. ఈ విషయంలో సరైన అవగాహనను సులైమాన్‌కు అల్లాహ్‌యే ప్రసాదించాడని, తండ్రీకొడుకులిద్దరికీ వివేకాన్నీ జ్ఞానాన్నీ అనుగ్రహించాడని ఖుర్ఆన్ తెలియజేస్తోంది.

ఈ తీర్పులో మూడు విషయాలు గమనించదగినవి. గొర్రెలు రాత్రిపూట తమకు తెలియకుండా పోయాయన్న సాకు నష్టాన్ని రద్దు చేయలేదు. రైతుకు అందినది దానం కాదు, అప్పు అంతకన్నా కాదు, అది అతని హక్కు. చేను బాగుపడేవరకు ఆ కుటుంబం ఎలా బతకాలన్న ప్రశ్నను కూడా న్యాయమూర్తి మరచిపోలేదు.

నేడు భూగోళమంతటా ఇటువంటి వ్యాజ్యమే ఒకటి నడుస్తోంది. కొందరి మంద మరికొందరి చేలను మేసివేసింది, ఇంకా మేస్తూనే ఉంది. వాతావరణ మార్పు అని మనం పిలుస్తున్న ఈ విపత్తును చాలామంది శాస్త్రవేత్తల వ్యవహారంగానో, చెట్లు నాటే కార్యక్రమంగానో భావిస్తున్నారు. మౌలికంగా ఇది హుఖూఖుల్ ఇబాద్‌కు, అంటే తోటి మానవుల హక్కులకు సంబంధించిన సమస్య. పాలకుల ముందు మనం దీనిని ఆ రూపంలోనే ఉంచవలసి ఉంది.

పాడైన చేలు

2022 వేసవి చివర పొరుగు దేశమైన పాకిస్తాన్‌లో కురిసిన వానలను గుర్తుచేసుకుందాం. ఆగస్టులో సింధ్ రాష్ట్రంలో సాధారణం కంటే ఏడు రెట్లకు మించిన వర్షం పడింది. 3.3 కోట్ల మంది బాధితులయ్యారు. 1,700 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పత్తి చేలు మునిగాయి. చాలాచోట్ల నీరు నెలల తరబడి నిలిచిపోయి, తరువాతి పంటకు విత్తే అదను కూడా దాటిపోయింది. ఆస్తులకు కలిగిన హాని 1,490 కోట్ల డాలర్లనీ, ఆర్థిక వ్యవస్థకు కలిగిన నష్టం మరో 1,520 కోట్ల డాలర్లనీ ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, ఆ దేశ ప్రభుత్వం కలిసి వేసిన అంచనా తేల్చింది. ప్రపంచం మొత్తం విడుదల చేసే హరితగృహ వాయువులలో ఆ దేశపు వాటా ఒక శాతంకన్నా తక్కువ.

సోమాలియాలో 2020 చివరి నుంచి వరుసగా ఐదు వర్షరుతువులు విఫలమయ్యాయి. ఒంటెలు, మేకలే సర్వస్వంగా బతికే సంచార కుటుంబాలు పశువులను పోగొట్టుకుని శిబిరాలకు చేరాయి. బంగ్లాదేశ్‌లోని ఖుల్నా, సాత్‌ఖీరా జిల్లాలలో తుఫానులు, పెరుగుతున్న సముద్రమట్టం ఉప్పునీటిని పొలాలలోకి, చెరువులలోకి నెడుతున్నాయి. అక్కడి స్త్రీలు ఒక బిందె మంచినీటి కోసం మైళ్ల దూరం నడుస్తున్నారు. మాల్దీవుల భూభాగంలో అత్యధిక భాగం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా లేదు. 2009 అక్టోబరు 17న ఆ దేశ అధ్యక్షుడు ముహమ్మద్ నషీద్ తన మంత్రివర్గ సమావేశాన్ని సముద్రగర్భంలో జరిపారు. ఆక్సిజన్ సిలిండర్లు ధరించి మంత్రులు నీటి అడుగున సంతకాలు చేసిన ఆ దృశ్యం వినోదం కోసం కాదు. తమ దేశం ఏమి కాబోతున్నదో ప్రపంచానికి చూపడం కోసం.

ఈ నాలుగూ ముస్లిం జనబాహుళ్యం గల దేశాలే. అయితే ఈ ఆపద ఎవరి మతాన్నీ అడిగి రాదు. పసిఫిక్ దీవులలోని క్రైస్తవులకూ, మన గోదావరి తీరంలోని హిందూ జాలరులకూ అదే సముద్రం, అదే గాలి.

మంద ఎవరిది?

బొగ్గు, చమురు, సహజవాయువు మండించినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అది దుప్పటిలా భూమిని కప్పి, వేడిని బయటకు పోనివ్వదు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలోని ప్రతి పది లక్షల భాగాలలో అది సుమారు 280 భాగాలు ఉండేది. నేడు 420 దాటింది. 1850–1900 నాటి సగటుతో పోలిస్తే 2024లో భూమి ఉష్ణోగ్రత సుమారు 1.55 డిగ్రీలు అధికంగా నమోదైందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఇంతవరకు కొలిచిన సంవత్సరాలన్నింటిలో అదే అత్యంత వేడి సంవత్సరం.

ఈ వాయువుకు ఒక లక్షణం ఉంది. ఈరోజు వెలువడినది రేపటికి మాయమైపోదు. అందులో గణనీయమైన భాగం శతాబ్దాల పాటు గాలిలోనే ఉండిపోతుంది. తాతల కాలంలో మండిన బొగ్గు మనుమల చేలను మేస్తుంది. అందువల్ల ఈ వ్యాజ్యంలో నేటి లెక్క ఒక్కటే చాలదు, పాత ఖాతా కూడా తెరవాలి. ఇప్పటివరకు శిలాజ ఇంధనాల నుంచి వెలువడిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు అమెరికా ఒక్కదానిదే. ఐరోపా సమాఖ్య దేశాలది ఆరో వంతు. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న భారతదేశపు వాటా మూడు, నాలుగు శాతం మధ్య ఉంది. నేడు ఏటా అత్యధికంగా విడుదల చేస్తున్న దేశం చైనా. తలసరి లెక్క చూస్తే ఒక అమెరికా పౌరుని వాటా ఏడాదికి సుమారు 14 టన్నులు, భారతీయునిది 2 టన్నులు, బంగ్లాదేశ్ పౌరునిది ఒక టన్ను కూడా కాదు.

‘మా పూర్వీకులకు తెలియదు కదా’ అని ధనిక దేశాలు వాదించవచ్చు. మొదట్లో తెలియకపోవడం నిజమే కావచ్చు. రాత్రి చీకటిలో గొర్రెలు పోయిన సంగతి ఆ యజమానికి కూడా తెలియదు. అయినా బాధ్యత తప్పలేదు. పైగా 1992లో రియో సదస్సులో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంపై ప్రపంచ దేశాలు సంతకాలు చేసిన తరువాత తెలియదనే మాటకు తావు లేదు. ఆనాటి నుంచి తెల్లవారినట్టే. మంద మాత్రం ఇంకా చేనులోనే ఉంది.

దానమా, బాకీయా?

తమ నష్టాన్ని ఎవరు భరిస్తారని చిన్న ద్వీప దేశాలు 1991లోనే అడిగాయి. సముద్రం మింగుతున్న తమ భూములకు పరిహారం చెల్లించే ఏర్పాటు కావాలని వాటి తరఫున వనువాటు ప్రతిపాదించింది. ఆ ప్రశ్నకు సూత్రప్రాయంగా అంగీకారం లభించడానికి 31 సంవత్సరాలు పట్టింది. 2022 నవంబరులో ఈజిప్టులోని షర్మ్ అల్ షేఖ్ సదస్సులో ‘లాస్ అండ్ డ్యామేజ్’ నిధి, అంటే వాతావరణ విపత్తుల వల్ల కలిగిన నష్టాన్ని పూడ్చే నిధి, ఏర్పాటుకు దేశాలు సమ్మతించాయి. 2023 నవంబరు 30న దుబాయి సదస్సు తొలిరోజున అది అమలులోకి వచ్చింది. చప్పట్లు మోగాయి.

చప్పట్ల తరువాత మూట విప్పి చూద్దాం. యూఏఈ, జర్మనీ చెరి 10 కోట్ల డాలర్లు ప్రకటించాయి. చరిత్రలో అందరికన్నా పెద్ద మంద గల అమెరికా ప్రకటించినది కోటీ 75 లక్షల డాలర్లు. జపాన్ కోటి డాలర్లు. అందరివీ కలిపితే సుమారు 70 కోట్ల డాలర్ల వాగ్దానాలు. పాకిస్తాన్ వరదల్లో ఒక్క దేశానికి ఒక్క రుతువులో కలిగిన నష్టం మూడు వేల కోట్ల డాలర్లు దాటిందని పైన చదివాము. 2025 మార్చిలో అమెరికా ఆ నిధి పాలకమండలి నుంచి వైదొలగింది కూడా.

మరొక వాగ్దానం సంగతి చూడండి. 2020 నాటికి ఏటా పదివేల కోట్ల డాలర్లు పేద దేశాలకు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాలు మాట ఇచ్చాయి. ఆ మొత్తం తొలిసారి చేరినది 2022లో. ఆ ఏడాది ప్రభుత్వాల నుంచి వచ్చిన సొమ్ములో మూడింట రెండొంతులు అప్పులే! పాకిస్తాన్ పునర్నిర్మాణం కోసం 2023 జనవరిలో జెనీవాలో ప్రకటించిన 900 కోట్ల డాలర్లకు పైబడిన సొమ్ములోనూ అత్యధిక భాగం అప్పు రూపంలో ఇచ్చేదే. 2024 నవంబరులో బాకూ సదస్సు, 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు అనే కొత్త లక్ష్యాన్ని పెట్టింది. అవసరం లక్షా 30 వేల కోట్ల డాలర్లని వర్ధమాన దేశాలు మొత్తుకున్నాయి. ఆ నిర్ణయాన్ని భారత ప్రతినిధి సభలోనే ఆక్షేపించారు.

సులైమాన్ (అ) తీర్పుతో దీనిని పోల్చి చూడండి. గొర్రెలు మేసిన చేను ముందు కూర్చుని ఏడుస్తున్న రైతు దగ్గరకు మంద యజమాని వచ్చి, ‘విత్తనాలు కొనుక్కో, అప్పు ఇస్తాను, వడ్డీతో తీర్చు’ అంటే ఆ మాటను మనం ఏమంటాము? వడ్డీని నిషేధించిన ధర్మాన్ని అనుసరించేవారికి ఇందులోని అన్యాయం విడమరచి చెప్పనవసరం లేదు. నష్టపోయినవాడినే రుణగ్రస్తుణ్ణి చేయడం మొదటి అన్యాయం మీద రెండవ అన్యాయం. ఫిఖ్ పండితులు ఒక సూత్రం చెబుతారు: లాభం ఎవరిదో భారమూ వారిదే. బొగ్గుతో, చమురుతో సమకూరిన సంపద కొందరి ఇళ్లలో ఉండి, దాని భారం మరికొందరి నెత్తిన ఉండటం ఏ ధర్మశాస్త్రానికీ సమ్మతం కాదు.

ఉమర్ (రజి) పచ్చిక బయలు

పాలకుడు ఎవరి పక్షాన నిలబడాలి? దీనికి హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో ఒక స్పష్టమైన జవాబు ఉంది. ప్రభుత్వ రక్షణలో ఉన్న ఒక పచ్చిక బయలుకు ఆయన హునై అనే వ్యక్తిని అధికారిగా నియమించారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఆ సంఘటన సారాంశం ఇది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్నవారిని లోపలికి రానివ్వమని ఆయన ఆదేశించారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి) వంటి సంపన్నుల మందల విషయంలో మాత్రం జాగ్రత్త వహించమన్నారు. వారు సామాన్యులు కారు, మహోన్నతులైన సహాబీలు. ఉమర్ (రజి) చూపిన కారణం వారి గుణానికి సంబంధించినది కాదు. వారి పశువులు చనిపోయినా వారికి తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాని పశువులు చనిపోతే అతడు బిడ్డలను వెంటబెట్టుకుని ఖలీఫా గుమ్మం ముందుకు వస్తాడు. అప్పుడు బంగారం, వెండి ఇచ్చి ఆదుకోవడం కన్నా ఇప్పుడు నీరు, గడ్డి ఇవ్వడమే తనకు సులభమని ఆయన వివరించారు. పీడితుని మొరకు భయపడమని కూడా హునైని హెచ్చరించారు.

నేటి వాయుమండలం మానవాళి మొత్తానికి అటువంటి ఉమ్మడి పచ్చిక బయలు. అందులో మిగిలిన గడ్డి కొద్దిపాటే. దానిని ముందుగా ఎవరికి విడవాలి? ఇంకా విద్యుత్తు వెలుగు చూడని పల్లెలకా, మరో విమానం కొనదలచిన కోటీశ్వరునికా? ప్రపంచంలోని అత్యంత ధనికులైన పది శాతం మందే దాదాపు సగం ఉద్గారాలకు కారకులని అంచనాలు చెబుతున్నాయి. ఉమర్ (రజి) నియమం అమలైతే మొదట అడ్డుకట్ట పడేది వీరి మందలకే. రాబోయే విపత్తులను ముందుగా నివారించడం తరువాత పరిహారం చెల్లించడంకన్నా చౌక అని నేటి ఆర్థిక నిపుణులు చెబుతున్న మాట కూడా ఆ పచ్చిక బయలులో ఆయన చెప్పినదే.

మన వైపు మందలు

న్యాయం కోరేవారు తమ తప్పును దాచుకోకూడదు. స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన నిలబడి సాక్ష్యం పలకాలని అన్నిసా సూరా ఆదేశిస్తోంది. చమురు మీద సంపన్నమైన దేశాలలో ముస్లిం దేశాలు ఎన్నో ఉన్నాయి. ఖతార్‌లో తలసరి ఉద్గారం ఏడాదికి 35 టన్నులకు పైబడి ఉంది. అది అమెరికా కంటే రెండింతలకు మించినది. దుబాయి సదస్సుకు అధ్యక్షత వహించినది అక్కడి జాతీయ చమురు సంస్థ అధిపతే. శిలాజ ఇంధనాల నుంచి వైదొలగాలన్న మాట మొట్టమొదట ఆ సదస్సు తీర్మానంలోనే చోటు చేసుకున్నదన్నది నిజం. మాట తీర్మానంలో చేరితే చాలదు, బావుల దగ్గర కనబడాలి.

ఈ విషయంలో ముస్లిం పండితులు మౌనంగా లేరు. 2015 ఆగస్టులో, పారిస్ ఒప్పందానికి కొన్ని నెలల ముందు, పలు దేశాల నుంచి ఇస్తాంబుల్‌లో సమావేశమైన పండితులు, మేధావులు వాతావరణ మార్పుపై ఒక ఇస్లామీయ ప్రకటన వెలువరించారు. సంపన్న దేశాలు, చమురు ఉత్పత్తి చేసే దేశాలు ముందు నడిచి, ఈ శతాబ్దం మధ్యనాటికన్నా ఆలస్యం కాకుండా తమ ఉద్గారాలను ఆపివేయాలని, పేద దేశాలకు ధారాళంగా సహాయపడాలని వారు కోరారు. ముస్లిం దేశాధినేతలను ఆ ప్రకటన మినహాయించలేదు.

గల్ఫ్ అనగానే తెలుగు ముస్లిం కుటుంబాలకు అది దూరదేశం కాదు. కడప, నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుంచి వెళ్లిన మన అన్నదమ్ములు అక్కడి ఎండలో భవనాలు కడుతున్నారు. హిందువులు, ముస్లింలు అందరూ కలిసి ఒకే క్యాంపులో ఉంటారు. పెరుగుతున్న వేడి మొదట తాకేది వారి వీపులనే. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషిద్ధం. కార్మికుల మరణాలపై ప్రపంచవ్యాప్తంగా విమర్శలు వచ్చిన తరువాతే ఈ నిషేధ వేళలు అంతగా పెరిగాయి. అడిగితే పాలకులు కదులుతారనడానికి ఇదొక నిదర్శనం.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. తలసరిలో మనం తక్కువే అయినా మొత్తం ఉద్గారాలలో ప్రపంచంలో మూడవ స్థానంలో ఉన్నాము. 2070 నాటికి ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గోలో మన ప్రభుత్వం ప్రకటించింది. ప్రపంచ వేదిక మీద పేదల పక్షాన మాట్లాడే దేశం, తన లోపలి పేదలకు కూడా అదే న్యాయం చేయాలి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేయక తప్పని కూలీలు, వృద్ధులు. వారు వాడిన కరెంటు ఎంత? వారు నడిపిన కార్లు ఎన్ని? మన ఊళ్లోనే మంద ఒకరిది, చేను ఒకరిది.

నాయకత్వం నడుం కడితే

ఇంత పెద్ద ఆపదను ఎవరు ఆపగలరని నిరాశపడేవారున్నారు. వారు బంగాళాఖాతాన్ని ఒకసారి చూడాలి. 1970 నవంబరులో నేటి బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన భోలా తుఫాను కనీసం మూడు లక్షల ప్రాణాలు తీసింది. ఏడేళ్ల తరువాత, 1977 నవంబరు 19న, అదే సముద్రం మన దివిసీమపై విరుచుకుపడి సుమారు పదివేల మందిని బలిగొంది. సరైన ముందస్తు హెచ్చరిక వ్యవస్థ లేదు, చాలినంత తలదాచుకునే చోటు లేదు.

బంగ్లాదేశ్ 1972లో తుఫాను సన్నద్ధత కార్యక్రమాన్ని ఆరంభించింది. 1991లో లక్షా 38 వేల మంది చనిపోయాక ఆశ్రయ భవనాలను విస్తృతంగా నిర్మించింది. నేడు 70 వేలకు పైగా వాలంటీర్లు సైకిళ్ల మీద, కాలినడకన ఇంటింటికీ హెచ్చరిక చేరవేస్తారు. తీరగ్రామాలలో మసీదుల మైకులు అజాన్‌తోపాటు తుఫాను వార్తను కూడా వినిపిస్తాయి. 2007లో వచ్చిన భీకరమైన సిడర్ తుఫానులో మరణాలు మూడు వేల పైచిలుకు. 2020లో ఉంపన్ వచ్చినప్పుడు ఆ దేశంలో అవి పదుల సంఖ్యకు తగ్గాయి. మన విశాఖను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ అతలాకుతలం చేసినా, ముందుగా లక్షల మందిని తరలించినందువల్ల ప్రాణనష్టం పదుల సంఖ్యలోనే ఆగింది.

తుఫాను బలహీనపడలేదు. పాలకులు మేలుకున్నారు, అంతే. డబ్బు, చట్టం, చిత్తశుద్ధి కలిసినప్పుడు ఏమి జరుగుతుందో దివిసీమకూ హుద్‌హుద్‌కూ మధ్య ఉన్న తేడా చెబుతుంది. అయితే ప్రాణం దక్కినవానికి ఇల్లు దక్కలేదు, భూమి దక్కలేదు. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో సముద్రం ఏటా ఇళ్లను కోసుకుపోతూనే ఉంది. వారి చేనును తిరిగి పచ్చబరిచే బాధ్యత ఎవరిదన్నది ఇంకా తేలవలసి ఉంది.

ఏమి అడగాలి? ఎవరిని అడగాలి?

2019లో పసిఫిక్ ద్వీపాలకు చెందిన 27 మంది న్యాయశాస్త్ర విద్యార్థులు తమ తరగతి గదిలో ఒక ఆలోచన చేశారు. వాతావరణాన్ని కాపాడే చట్టబద్ధమైన బాధ్యత దేశాలపై ఉందో లేదో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే ఎందుకు అడగకూడదు? వారు తమ ప్రభుత్వాలకు లేఖలు రాశారు. చిన్న దేశమైన వనువాటు ఆ కోరికను భుజానికెత్తుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏకగ్రీవంగా ఆ ప్రశ్నను న్యాయస్థానానికి పంపింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యతేనని, దానిని ఉల్లంఘించిన దేశం నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చని 2025 జూలై 23న న్యాయస్థానం తన అభిప్రాయాన్ని వెలువరించింది. ఆ అభిప్రాయాన్ని బలవంతంగా అమలుచేసే యంత్రాంగం లేకపోవచ్చు. కానీ ‘ఇది దయ కాదు, బాధ్యత’ అన్న మాట ఇప్పుడు ప్రపంచపు అత్యున్నత న్యాయస్థానం నోట వెలువడింది. దానికి బీజం వేసినవారు విద్యార్థులు, వారి ఆయుధం ఒక లేఖ.

ప్రతి ఒక్కరూ ఒక కాపరి వంటివారనీ, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ ప్రశ్న మొట్టమొదట పాలకునికే. పాలకుని ఎన్నుకున్న మనకు కూడా అందులో భాగం ఉంది. కనుక ఈ కోర్కెలను మన ప్రతినిధుల ముందు ఉంచుదాం.

ధనిక దేశాలు నష్టపరిహార నిధికి ఇచ్చే సొమ్ము గ్రాంటుగా ఉండాలి, అప్పుగా కాదు. ఇందుకోసం భారత ప్రభుత్వం ప్రతి సదస్సులోనూ బాధిత దేశాల పక్షాన నిలవాలి. ఆ దేశాలలో కొన్నింటితో మనకు రాజకీయ విభేదాలున్నా సరే. చమురు దేశాల అధినేతలు ఆ నిధిని తమ సంపదతో బలపరచాలి, బావులను క్రమంగా మూసే తేదీలను ప్రకటించాలి. మన రాష్ట్రాలలో వేసవి మధ్యాహ్నపు పని విరామం ప్రభుత్వం ఇచ్చే సలహాగా మిగిలిపోకూడదు. అది నీడ, నీరు, కూలి కోత లేని విశ్రాంతితో కూడిన చట్టబద్ధమైన హక్కు కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. ఇది మంచి అడుగు. దేశమంతటా వడగాడ్పులు జాతీయ విపత్తుల జాబితాలో చేరాలి. సముద్రం కోసివేసిన గ్రామాల వారికి తాత్కాలిక బియ్యం బస్తాలు కాక, బతుకుతెరువుతో కూడిన పునరావాసం లభించాలి.

ఇవి అడిగే ముందు మన ఇంటిని కూడా చక్కదిద్దుకోవాలి. వలీమా విందులో పారబోసే బిర్యానీ, వుజూ చేసేటప్పుడు వృథాగా పారే కొళాయి, ఎవరూ లేని గదిలో తిరిగే ఏసీ – ఇవన్నీ ఇస్రాఫ్‌లోకే వస్తాయి, దుబారా చేసేవారిని అల్లాహ్ ప్రేమించడు. అయితే కొళాయి కట్టి ఊరుకుంటే మన బాధ్యత తీరిపోదు. ఇంట్లోని పొదుపు మన మాటకు బలాన్నిస్తుంది. ఆ మాటను పాలకుని చెవిన వేయడం వేరే బాధ్యత. అన్యాయం చేసే పాలకుని ఎదుట సత్యం పలకడాన్ని దైవప్రవక్త (స) అత్యుత్తమ జిహాద్‌గా పేర్కొన్నారు.

కనుక పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని దావూద్, సులైమాన్ల (అ) కథ చెప్పండి. చేను ఎవరిదో, మంద ఎవరిదో వారినే ఆలోచించమనండి. ఆ తరువాత వారి చేతనే మీ శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి ఒక ఉత్తరం రాయించండి. మసీదు కమిటీలు, మహిళా ఇజ్తిమాలు ఈ విషయాన్ని చర్చకు పెట్టాలి. ఎన్నికల వేళ ఓటు కోసం గుమ్మం ముందుకు వచ్చే ప్రతి అభ్యర్థినీ, మసీదు షెడ్డు గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గురించి అడిగినట్లే, ఎండలో రాలిపోతున్న కూలీల గురించీ, సముద్రంలో కలుస్తున్న ఊళ్ల గురించీ అడగాలి. జవాబు రాకపోతే మళ్లీ అడగాలి. ఆ పసిఫిక్ విద్యార్థులకు జవాబు రావడానికి ఆరేళ్లు పట్టింది.

భూమి మన సొత్తు కాదు, అమానతు. అప్పగించినవాడు లెక్క అడిగే దినం ఒకటి ఉంది. ఆ రోజున మేసిన చేల యజమానులు ఫిర్యాదుదారులుగా నిలబడతారు. వారికి చెల్లవలసిన బాకీని ఈ లోకంలోనే చెల్లించే వివేకాన్ని అల్లాహ్ మన పాలకులకు ప్రసాదించుగాక! అందుకై గొంతెత్తే ధైర్యాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.